చట్టంలో రాసిన ఆ సగటు మనిషిని నేనే: పేటెంట్ ఆఫీసుకు ఒక బహిరంగ లేఖ

పేటెంట్లు, డిజైన్లు, ట్రేడ్‌మార్కుల కంట్రోలర్ జనరల్ గారికి,
తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చూసే చెన్నై గిండీ కార్యాలయంలోని ఎగ్జామినర్లందరికీ,

నమస్కారం.

మీరు నన్ను ఎరగరు గానీ మీ చట్టం నన్ను ఎరుగును. 1970 పేటెంట్ల చట్టం 64వ సెక్షన్‌లో ఒక మనిషి కనిపిస్తాడు. భారతదేశంలో ఉంటూ, ఆ రంగంలో సగటు నైపుణ్యం, సగటు పరిజ్ఞానం ఉన్నవాడు. పేటెంటులో రాసింది చదివి అతను ఆ పని చేసుకోలేకపోతే, ఆ పేటెంటును రద్దు చేయమని కోర్టును అడగవచ్చు. అతనికి పేరు లేదు, ఊరు లేదు.

నేను 1984లో వాల్తేరులో ఆర్గానిక్ కెమిస్ట్రీ ఎమ్మెస్సీ ముగించి, హైదరాబాదు వచ్చి జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో, అంటే మాత్రల్లోకి వెళ్లే అసలు మందు పదార్థం తయారుచేసే చోట, చేరాను. తర్వాత మూడు కంపెనీలు మారి 2019లో రిటైరయ్యాను. గొప్ప శాస్త్రవేత్తను కాను, మరీ చేతకానివాణ్నీ కాను. కాబట్టి ఆ సగటు మనిషిని నేనే అని ధైర్యంగా చెప్పుకుంటున్నాను. ముప్పై అయిదేళ్లు పేటెంట్లు చదివాను. చివరి పదిహేనేళ్లలో కొన్ని రాశాను కూడా. చదివినవాడి కష్టమూ తెలుసు, రాసినవాడి కపటమూ తెలుసు.

పేటెంటు ఒక బేరం అంటారు. నీకు తెలిసిన కిటుకు లోకానికి విప్పి చెప్పు, 20 ఏళ్ల పాటు నీ అనుమతి లేకుండా ఇంకెవరూ అది చేయకుండా నేను చూస్తాను అని సర్కారు మాటిస్తుంది. అసలు పేటెంటు అన్న పదానికి లాటిన్‌లో అర్థమే 'తెరిచి ఉన్నది'. ఇంగ్లండు రాజులు సీలు వేసి మూసెయ్యకుండా, నలుగురూ చదువుకునేలా ఇచ్చిన ఉత్తరాలకు ఆ పేరు. అంటే బహిరంగ లేఖే. ఈ బేరంలో జనం వదులుకునేదాన్ని మీరు రోజుల లెక్కన కొలుస్తారు. దరఖాస్తు పడిన తేదీ నుంచి సరిగ్గా 20 ఏళ్లు, ఏటా ఫీజు, దానికో గడువు. జనానికి రావలసిన జ్ఞానాన్ని మాత్రం ఎవరూ తూకం వేయరు. నా ఫిర్యాదల్లా ఇదే.

అలాగని పేటెంట్లలో ఏమీ ఉండదు, అంతా లాయర్ల గారడీ అనేవాళ్లతో నేను ఏకీభవించలేను. మా తరం కెమిస్టులు బతికిందే వాటి మీద. 1970 చట్టం మందు అనే వస్తువుకు పేటెంటు ఇవ్వనని, దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే ఇస్తానని చెప్పింది. 2005 దాకా అదే పరిస్థితి. అందుకే ఒకే మందుకు ఇంకో దారి వెతకడం మాకు రోజువారీ పని అయింది. శనివారం షిఫ్టు దిగి, బస్సులు మారి తార్నాక వెళ్లేవాణ్ని. అప్పట్లో రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ అనేవాళ్లు, 1989 నుంచి ఐఐసీటీ. ఆ లైబ్రరీలో కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ సంపుటాలు ఒక్కొక్కటి ఇటుకంత బరువు. నాలుగు వరసల సారాంశం దొరికితే నోట్‌బుక్కులో ఎక్కించుకుని, అసలు పేటెంటు జిరాక్సు కోసం వారాల తరబడి చూసేవాళ్లం. జపాన్ వాళ్లదైతే అది చదివిపెట్టే మనిషి కోసం ఇంకో వెతుకులాట.

1988లో అలా తెప్పించుకున్న ఒక యూరప్ పేటెంటులో ఉన్నది ఉన్నట్టు చేస్తే, రాసింది రాసినట్టు వచ్చింది. ఎన్ని గ్రాములు, ఎన్ని గంటలు, ఏ వేడి, చివర్లో పొడి ఎన్ని డిగ్రీల దగ్గర కరగాలి, అన్నీ ఉన్నాయి. ఒక్క డిగ్రీ తేడా రాలేదు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి సముద్రాల అవతల నుంచి నా పక్కన నిలబడి చెప్పినట్టు అనిపించింది. పేటెంటు నిజంగా పాఠం చెప్పగలదని ఆ రోజు నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. నమ్మకం లేకపోతే మీకు ఉత్తరం రాయడమెందుకు?

1991లో అనుభవం వేరు. మరో పేటెంటు, 82 శాతం ఈల్డ్ అని, అంటే లెక్క ప్రకారం రావలసిన సరుకులో అంత చేతికొస్తుందని ఉంది. మా ల్యాబులో 31 వచ్చింది. మళ్లీ చేస్తే 44, ఆ తర్వాత 29. ప్లాంటులో చిన్న బ్యాచ్ వేస్తే రియాక్టర్‌లో సరుకు నల్లగా తారులా తయారయింది. ఏడు వారాలు పోయాయి. మేనేజరు గారి మొహం చూడాలంటేనే టెన్షన్. చివరికి దారి చూపింది పేటెంటు కాదు, నేనూ కాదు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ఒక ఆపరేటర్. పదో తరగతి దాకా చదివాడు. "సార్, కొత్త డ్రమ్ము విప్పిన రోజు బ్యాచ్ బాగుంటోంది. సగం వాడి మూతపెట్టిన డ్రమ్ము అయితేనే నల్లబడుతోంది" అన్నాడు. ఆగస్టు నెల, బయట ముసురు. ఆ డ్రమ్ముల్లో ఉన్నది సాల్వెంటు, పదార్థాలను కరిగించే ద్రవం. అది గాలిలోని తేమను పీల్చేస్తోంది. కార్ల్ ఫిషర్ పరీక్ష పెట్టి నీటి శాతం చూసుకుని, నీరు తీసేసిన సాల్వెంటుతో, గాలి తగలకుండా నైట్రోజన్ కింద చేస్తే 78 శాతం వచ్చింది. పేటెంటులో సాల్వెంటు పేరు ఉంది. పొడిగా ఉండాలన్న ఒక్క మాట లేదు. దాన్ని రాసినవాళ్లకు ఆ సంగతి తెలియదంటే నేను నమ్మను. మా అమ్మ ఆవకాయ లెక్క చెబుతూ ఉప్పు దగ్గరకు రాగానే 'తగినంత' అనేది. అమ్మకు నిజంగా కొలత లేదు, చేతికే తెలుసు. వీళ్లకు కొలత ఉండీ 'తగినంత' అన్నారు.

ఇప్పుడు నా సంగతి. 2005లో నేను పనిచేసిన చోట మేము కనిపెట్టిన ఒక తయారీ పద్ధతికి దరఖాస్తు రాశాం. కనిపెట్టినవారి పేర్లలో నాదీ ఉంది. అందులో కీలకం చివర్లో స్ఫటికం కట్టించడం. వేడి ద్రావణాన్ని గబగబా చల్లారిస్తే జిగురులా దిగుతుంది, ఫిల్టర్ కాదు, మలినాలన్నీ అందులోనే ఉండిపోతాయి. ఒకచోట ఆగాలి. అక్కడ కొంచెం పాత పొడి సీడ్‌గా వేసి, నెమ్మదిగా తిప్పుతూ కాసేపు ఓపిక పట్టాలి. అప్పుడే ఇసుకలా చక్కగా దిగుతుంది. నెయ్యి పూసకట్టాలంటే కదపకుండా తీరిగ్గా చల్లారనివ్వాలని మన ఇళ్లలో తెలుసుగా, ఇంచుమించు అలాంటిదే. పేటెంట్ ఏజెంటు నన్ను ఏ వేడి దగ్గర చేస్తారని అడిగాడు. నేను రెండు డిగ్రీల తేడాతో అంకె చెప్పాను. "0 నుంచి 80 అని రాద్దాం సార్, ఎవరూ పక్కనుంచి దూరిపోకుండా" అన్నాడు. మరి సీడ్ సంగతి అన్నాను. పైనున్నాయన "అది మన దగ్గరే ఉండనీ" అన్నారు. దరఖాస్తులో 'ద్రావణాన్ని చల్లార్చి, వడకట్టి' అని మాత్రమే మిగిలింది. నేను సంతకం పెట్టాను.

దరఖాస్తుదారు తనకు తెలిసిన అత్యుత్తమ పద్ధతిని చెప్పి తీరాలని అదే చట్టం 10వ సెక్షన్ 4వ ఉపవిభాగం అంటుంది. ఆ వాక్యం నాకు అప్పుడు తెలుసు. మీ ఆఫీసు నుంచి ఎగ్జామినేషన్ రిపోర్టు వచ్చింది. మూడు పాత పేటెంట్లు చూపించి, వీటికంటే మీదాంట్లో కొత్త ఏముందని అడిగారు. మంచి ప్రశ్నలే. క్లెయిముల్లో, అంటే మాకు దేని మీద హక్కు కావాలో రాసిన వాక్యాల్లో, ఒక పదం మార్చమన్నారు. మీరు చెప్పినట్టు చేస్తే నిజంగా వస్తుందా, సున్నా దగ్గర చేసి చూశారా, 80 దగ్గర చేసి చూశారా అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే మాకు చెమటలు పట్టేవి. పేటెంటు మంజూరైంది. ఆఫీసులో స్వీట్లు పంచారు, నాకో షీల్డు ఇచ్చారు. అది ఇప్పటికీ మా హాల్లో టీవీ పక్కన ఉంది.

మీ ఎగ్జామినర్లను నేను తప్పుపట్టడం లేదు. 2023-24లో మీరు లక్షకు పైగా, కచ్చితంగా చెప్పాలంటే 1,03,057 పేటెంట్లు ఇచ్చారు. ఆ అంకె చూసి దేశమంతా చప్పట్లు కొట్టింది. మీకు ల్యాబులు లేవు, ఉండాలని అడగడమూ అన్యాయమే. కానీ కాగితం మీద పట్టుకోగలిగినవి కూడా వదిలేస్తున్నారు. అమెరికా పేటెంట్లలో ఒక ఆనవాయితీ ఉంది. నిజంగా చేసిన ప్రయోగాన్ని భూతకాలంలో రాస్తారు, చేయకుండా ఊహించినదాన్ని వర్తమానంలో రాస్తారు. 'వేడి చేశాం' అంటే చేసినట్టు, 'వేడి చేస్తారు' అంటే చేస్తే వస్తుందని ఆశ. క్రియాపదం చూసి నిజం పసిగట్టాల్సిన శాస్త్ర సాహిత్యం ఇంకెక్కడైనా ఉందా? ఈ సూక్ష్మం తెలియని కుర్ర కెమిస్టు ఆ ఆశను నమ్ముకుని నెలలు తగలేస్తాడు.

దాచినవాడికి శిక్ష పడ్డ సందర్భం ఒకటుంది. మనదేశంలో కాదు, కెనడాలో. వయాగ్రా పేటెంటులో ఫైజర్ క్లెయిములు మెట్లు మెట్లుగా పేర్చింది. మొదటి క్లెయిములో లెక్కకందనన్ని పదార్థాలు, కిందికి దిగేకొద్దీ తగ్గుతూ చివరి రెండు క్లెయిముల్లో ఒక్కో పదార్థం. ఆ రెండింట్లో పనిచేసేది ఒకటే, సిల్డెనాఫిల్. ఏది అన్నది పేటెంటులో ఎక్కడా చెప్పలేదు. చదివినవాడు మళ్లీ పరీక్షలు చేసుకుని తెలుసుకోవాలి. 2012 నవంబరులో కెనడా సుప్రీంకోర్టు, చెప్పాల్సింది చెప్పకుండా హక్కు మాత్రం కావాలంటే కుదరదని తేల్చేసింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 1న మన సుప్రీంకోర్టు నొవార్టిస్ కంపెనీ క్యాన్సర్ మందు గ్లివెక్ కేసులో ఇంచుమించు ఇదే ఆందోళన వెలిబుచ్చింది. పేటెంటు హక్కు పరిధికీ, అందులో వెల్లడించిన విషయానికీ మధ్య పెద్ద అగాధం ఉండే తీరులో ఈ దేశపు చట్టం పెరగకూడదని, నేర్పరి లాయర్ల రాతను బట్టి పేటెంటు విలువ తేలకూడదని చెప్పింది. ఆ తీర్పులో అందరికీ పాత మందుకే చిన్న మార్పు చేసి కొత్త పేటెంటు అడగడాన్ని అడ్డుకునే 3(డి) సెక్షనే గుర్తుంది. నాకు గుర్తున్నది ఈ మాట. నా రెండు డిగ్రీలకూ, ఏజెంటు గారి 80 డిగ్రీలకూ మధ్య ఉన్నది ఆ అగాధమే.

పేటెంటు పాఠ్యపుస్తకమైతే అది చదివినందుకు ఎవరూ భయపడకూడదు కదా. మా అన్నయ్య కొడుకు కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే వాడికి చెప్పారట, పనికి సంబంధించి పేటెంట్లు వెతికి చదవొద్దని. తెలిసి ఉల్లంఘించాడని రుజువైతే అమెరికా కోర్టు నష్టపరిహారాన్ని మూడింతల దాకా పెంచవచ్చు. చదవకపోతే 'తెలియదు' అనవచ్చు. ఇదేదో అమెరికా పిచ్చి అనుకుంటే పొరపాటు. మన చట్టం 111వ సెక్షన్ ప్రకారం, పేటెంటు ఉన్నట్టు తనకు తెలియదని, తెలిసే అవకాశమూ లేదని నిరూపించుకున్నవాడికి నష్టపరిహారం బాధ తప్పుతుంది. మంచి ఉద్దేశంతో పెట్టినదే. కానీ ఫలితం చూడండి: నలుగురూ చదవాలని అచ్చువేసిన కాగితం, చదవనివాడికే రక్షణ.

అసలు ఈ రంగంలో జ్ఞానం ఎలా ప్రయాణిస్తుందో నా సర్వీసంతా చూశాను. కాగితంతో పాటు మనిషి కదలాలి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా జర్మన్ కంపెనీల రంగుల పేటెంట్లన్నీ స్వాధీనం చేసుకుని సొంత కంపెనీలకు లైసెన్సులిచ్చింది. బేరం సిద్ధాంతం నిజమైతే అక్కడితో రంగులు తయారైపోవాలి. కాలేదు. డ్యూపాంట్ కంపెనీ 1920ల మొదట్లో జర్మన్ కెమిస్టులను పెద్ద జీతాలు ఆశపెట్టి తీసుకువెళ్లాల్సి వచ్చింది. మన హైదరాబాదులోనే ఇంకో ఉదాహరణ ఉంది. కార్బెవ్యాక్స్ అనే కోవిడ్ టీకాకు మూలమైన ప్రోటీన్ పరిజ్ఞానం అమెరికాలోని హ్యూస్టన్‌లో పీటర్ హోటెజ్, మరియా ఎలీనా బొటాజీల బృందానిది. వాళ్లు దానికి పేటెంటు తీసుకోలేదు. ఆ ప్రోటీన్ తయారుచేసే ఈస్ట్ కణాలను ఇక్కడి 'బయలాజికల్-ఇ' కంపెనీకి ఇచ్చి, ఎలా చేయాలో కూడా చెప్పారు. 2021 డిసెంబరులో అనుమతి వచ్చింది, మార్చికల్లా పన్నెండేళ్ల పిల్లలకు ఆ సూది వేశారు. మా మనవరాలు వేయించుకుంది అదే. మరోవైపు అమెరికా కంపెనీ మోడెర్నా తన కోవిడ్ పేటెంట్ల మీద మహమ్మారి ఉన్నంతకాలం ఎవరి మీదా కేసు వేయనని 2020 అక్టోబరులోనే ప్రకటించింది. అప్పుడు పేటెంట్లు తెరిచే ఉన్నాయి. వాటిని చదువుకుని ఎన్ని ఫ్యాక్టరీలు టీకా తయారుచేసి పంపాయి?

ఇక భాష సంగతి. మీ నిబంధనల ప్రకారం దరఖాస్తు హిందీలోనో ఇంగ్లిష్‌లోనో ఉండాలి. ఇందాక చెప్పిన శ్రీకాకుళం ఆపరేటర్‌కు ఆ రెంటిలో ఏదీ రాదు. నా లెక్కన 'భారతదేశంలో సగటు నైపుణ్యం' అన్న మాటకు నాకంటే అతనే దగ్గర. ఏ వాసన వస్తే రియాక్షన్ పూర్తయిందో, మోటారు శబ్దం ఎలా మారితే సరుకు చిక్కబడిందో అతనికి తెలుసు. అతను చదవలేని పేటెంటు అతనికి ఎలా బహిరంగం?

మనకు అనువాదం చేతకాదా అంటే, చేశాం. 1995లో అమెరికాలో గాయాలకు పసుపు వాడకం మీద పేటెంటు ఇచ్చారు. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. ఆ అనుభవంతోనే 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీ మొదలైంది. సంస్కృతం, తమిళం, ఉర్దూ, అరబిక్, పర్షియన్ గ్రంథాల్లోని మందులను ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషల్లోకి మార్చారు. విదేశీ ఎగ్జామినర్ మన పసుపును మన వేపను పొరపాటున ఎవరికీ రాసివ్వకూడదని. మంచి పని, చేయాల్సిన పని. మ్యూనిక్‌లోని యూరప్ పేటెంట్ ఆఫీసు అధికారి కోసం ఐదు భాషల్లోకి మోసుకెళ్లిన దేశం, నాకు తెలిసినంతలో జీడిమెట్ల కార్మికుడి కోసం ఒక్క పేటెంటు సారాంశాన్నైనా తెలుగులోకి తేలేదు. సుప్రీంకోర్టు తీర్పులే ఇప్పుడు తెలుగులో వస్తున్నాయి. పేటెంటు సారాంశం తీర్పు కంటే చిన్నది.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ప్రతి ఉదాహరణ పక్కన అది నిజంగా చేసినదా, చేస్తే ఎంత పరిమాణంలో, ఎన్నిసార్లు చేశారో రాయమనండి. ఊహ అయితే ఊహ అని రాయమనండి. 0 నుంచి 80 అని రాసినవాణ్ని, రెండు కొసల దగ్గరా చేసిన ఫలితాలు చూపించమనండి. లేకపోతే చేసినంత మేరకే హక్కు ఇవ్వండి. గడువు తీరిన పేటెంట్లను రంగాల వారీగా విడదీసి, ఇవి ఇక అందరివీ అని చెప్పి, కనీసం సారాంశాలు మన భాషల్లో పెట్టండి. గడువు తీరినది చదవడానికి భయం కూడా ఉండదు. అలాగే, పేటెంటు మంజూరు కాకముందే 'ఇది చేస్తే రావడం లేదు' అని చెప్పడానికి మాబోటివాళ్లకు ఉన్న దారి అభ్యంతరం దాఖలు చేయడం. 2024 దాకా దానికి ఫీజు లేదు, ఆ ఏడాది కొత్త నిబంధనలతో పెట్టారు. మీ పనిని ఊరికే చేసిపెట్టే రిటైర్డ్ మనుషుల దగ్గర డబ్బు వసూలు చేయడం ఏం మర్యాద? ఏళ్ల తరబడి సాగదీసే అభ్యంతరాల వల్ల ఇబ్బంది ఉందంటారు, ఉండవచ్చు. ప్రయోగం చేసి, నోట్‌బుక్కు పేజీ జతచేసి పంపినవాడికైనా ఆ ఫీజు మినహాయించండి.

చివరగా నా సొంత పని ఒకటి ఉంది. 2005లో వేసిన ఆ పేటెంటుకు 2025తో గడువు తీరిపోయింది. ఆ కంపెనీ చేతులు మారింది, ఆ సరుకు ఇప్పుడు అక్కడ తయారు చేయడం లేదు. దాచిపెట్టి కాపాడుకోవాల్సింది ఏమీ లేదు. ఏ వేడి దగ్గర ఆగాలో, ఎంత సీడ్ వేయాలో, ఎంతసేపు ఓపిక పట్టాలో మూడు వాక్యాల్లో రాసి, ఆ పేటెంటు పక్కన చేర్చమని మీకు పంపాలనుకున్నాను. మీ వెబ్‌సైటులో ఫారాలన్నీ వెతికాను. పేరు మార్చడానికి, చిరునామా మార్చడానికి, గడువు పొడిగించడానికి, హక్కు బదిలీ చేయడానికి ఉన్నాయి. అప్పుడు చెప్పనిది ఇప్పుడు చెప్పడానికి ఫారం కనిపించలేదు. ఉంటే దాని నంబరు తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రాసెస్ కెమిస్టు,
హైదరాబాదు